జపనీస్ మాటల్ని సరిగ్గా పలకడం: తెలుగు నోటికి సమగ్ర మార్గదర్శి

2004 డిసెంబరు 26న మన కోస్తా తీరం మీద విరుచుకుపడిన అలల వల్ల ‘సునామీ’ అన్న మాట ప్రతి తెలుగింటికీ చేరింది. జపనీస్‌లో అది ‘ౘునమి’. ‘ౘు’ అంటే రేవు, ‘నమి’ అంటే అల. మూడక్షరాలూ పొట్టివే. మొదటి అక్షరం మన ‘చుక్క’, ‘చూపు’ మాటల్లో పెద్దవాళ్లు పలికే దంత్య చకారం. ఆ ధ్వని మనకు ముందునుంచీ ఉంది. అయినా మాట ఇంగ్లీషు మీదుగా రావడంతో ‘ౘు’ పోయి ‘సు’ మిగిలింది, లేని దీర్ఘాలు రెండు వచ్చి చేరాయి. మూడు మాత్రల మాట ఐదు మాత్రలైంది.

జపనీస్ నేర్చుకునే తెలుగువాళ్ల ఉచ్చారణలో తప్పులు ఎక్కువగా ఈ దారినే వస్తాయి. ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి కష్టపడే హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు, సున్న మనకు బడికి వెళ్లకముందే వచ్చు. వాటిని రోమన్ లిపిలో చదవడంతో చేజేతులా పోగొట్టుకుంటున్నాం. కాబట్టి ముందు మన దగ్గరున్నది వాడుకుందాం, ఆ తర్వాత తెలుగు అలవాట్లు అడ్డొచ్చే చోట్లు సరిచేసుకుందాం.

1. రోమన్ లిపిని పక్కన పెట్టండి

రోమన్‌లో జపనీస్ రాసేటప్పుడు దీర్ఘాన్ని అక్షరం మీద అడ్డగీతతో చూపిస్తారు. కానీ రోడ్డు బోర్డుల మీదా పటాల్లోనూ వార్తల్లోనూ ఆ గీత చాలాసార్లు ఉండదు. ‘ఒనొ’, ‘ఓనొ’ రెండు వేర్వేరు ఇంటిపేర్లు. పాస్‌పోర్టు మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు. అలాంటి రాత చూసి దీర్ఘం ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. మనం ఊహించి తప్పుచోట పెడతాం.

మనం రాసే ‘ఒసాకా’ చూడండి. అసలు మాట ‘ఓసక’. దీర్ఘం ఉన్నచోట తీసేశాం, లేని రెండుచోట్ల పెట్టాం. ‘హిరోషిమా’ అసలు ‘హిరొశిమ’. ‘నాగసాకి’ నిజానికి ‘నగసకి’. ‘కరాటే’ కాదు ‘కరతె’. ‘సుడోకు’ కాదు ‘సూదొకు’. ‘టోక్యో’లో మాత్రం దీర్ఘాలు రెండూ సరైనవే, ‘ట’ తప్పు. ‘తోక్యో’ అనాలి.

హిరగన, కతకన అనే జపనీస్ లిపుల్లో మూలాక్షరాలు 46 చొప్పున ఉంటాయి. రోజుకు ఐదు నేర్చుకుంటే ఒక్కో లిపి పది రోజుల పని. ఆ లోపు మీ నోటుబుక్కులో తెలుగు లిపిలోనే రాసుకోండి. హిందీలో ఎ–ఏ, ఒ–ఓ తేడా చూపించే వీలు లేదు. మన లిపిలో ఉంది. జపనీస్‌కు అదే ప్రాణం.

జపాన్ వాళ్ల రాతలోనూ ఒక మెలిక ఉంది. హిరగనలో ‘ఓ’ దీర్ఘాన్ని ఎక్కువగా ఒ పక్కన ఉ పెట్టి, ‘ఏ’ దీర్ఘాన్ని ఎ పక్కన ఇ పెట్టి చూపిస్తారు. ‘గురువు’ అన్న మాటను ‘సెన్సెఇ’ అని రాసి మామూలుగా ‘సెన్సే’ అని పలుకుతారు. దాన్ని ‘సెన్సై’ అనకూడదు. అలాగే ‘అరిగతొఉ’ (ధన్యవాదాలు) అని రాసింది ‘అరిగతో’ అవుతుంది, ‘అరిగతౌ’ కాదు. అయితే క్రియ చివర వచ్చే ఉ విడిగానే నిలుస్తుంది. ‘అనుకోవడం’ అనే క్రియ ‘ఒమొఉ’. దాన్ని ‘ఒమో’ అంటే తప్పు.

2. మాత్రలు లెక్కపెట్టండి

ఈ మెట్టు మీద ఎంతసేపు నిలబడినా వృథా కాదు.

జపనీస్ మాట పొడవును కొలిచే కొలతను వాళ్లు ‘హకు’ అంటారు. అంటే తాళంలో ఒక దెబ్బ. ఛందస్సు చదువుకున్న తెలుగువాళ్లకు అది మాత్రే. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. దీర్ఘాచ్చు ఉంటే గురువు, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు, సున్న ఉన్నా పొల్లు ఉన్నా గురువు. జపనీస్ లెక్క దాదాపు ఇదే. ‘నిప్పొన్’ (జపాన్)ను గణవిభజన చేస్తే రెండు గురువులు, నాలుగు మాత్రలు. వాళ్లూ ని–ప్–పొ–న్ అని నాలుగే లెక్కపెడతారు. ‘తోక్యో’ నాలుగు, ‘క్యోతొ’ మూడు, ‘ఓసక’ నాలుగు, ‘గక్కో’ (బడి) నాలుగు. హైకూలో 5–7–5 అని లెక్కించేవి కూడా ఈ మాత్రలే. తెలుగులో హైకూ రాసేవాళ్లు అక్షరాలు లెక్కపెట్టడం మనకు మనం చేసుకున్న ఏర్పాటు.

మన లెక్క ముఖ్యంగా ఒకచోట తప్పుదారి పట్టిస్తుంది. తెలుగులో సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువవుతుంది, ఎందుకంటే ‘సత్యం’ అనేటప్పుడు త్‌ను కాస్త ఒత్తి ‘సత్త్యం’లా పలుకుతాం. జపనీస్‌లో క్య, ర్య, హ్య, బ్య లాంటివి ముందు అక్షరాన్ని బరువెక్కించవు. ‘అతిథి’ అనే మాట ‘ఒక్యకుసన్’. దీనికి ఒ–క్య–కు–స–న్, ఐదు మాత్రలు. మన నోరు ఊరికే ‘ఒక్క్యకుసన్’ అనేస్తుంది, ఆరవుతాయి. నోటుబుక్కులో ఇలాంటి మాటకు మధ్య అడ్డగీత పెట్టుకోండి: ఒ-క్యకుసన్. గీత దగ్గర ఆగకండి, ముందు అక్షరాన్ని తేలిగ్గా వదిలేయండి.

‘క్య’ను ‘కియ’గా విడదీయడం దీనికి ఎదురు తప్పు. ‘బ్యోఇన్’ అంటే ఆసుపత్రి, నాలుగు మాత్రలు. ‘బియోఇన్’ అంటే బ్యూటీపార్లర్, ఐదు. ఆటోలో పేషెంటును పెట్టుకుని దారి అడిగేటప్పుడు ఈ ఒక్క మాత్ర చాలా దూరం తీసుకుపోతుంది.

సాధన ఇలా చేయండి. ఫోన్‌లో మెట్రొనోమ్ యాప్ పెట్టుకుని నిమిషానికి 120 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో దెబ్బకు ఒక్కో మాత్ర, బల్ల మీద వేలితో తడుతూ పలకండి. ద్విత్వంలో నిశ్శబ్దంగా ఉండే సగానికీ ఒక దెబ్బ, న్‌కూ ఒక దెబ్బ, దీర్ఘంలో రెండో సగానికీ ఒక దెబ్బ. తడబాటు పోయాక 160, 200, 240కి పెంచండి. 240 దగ్గర ‘కొన్నిచివ’ (నమస్తే)ను ఐదు దెబ్బల్లో తేలిగ్గా పలికితే మీ లయ కుదిరినట్టే. ఆ మాట మొదట్లో ఉన్నది మన ‘కొన్ని’, అచ్చంగా అదే.

3. అచ్చులు

జపనీస్‌లో అచ్చులు ఐదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికి దీర్ఘాలు. హ్రస్వదీర్ఘాల వల్ల అర్థం మారే జంటలు కొన్ని, గట్టిగా చదవండి (‘ౙ’ అంటే ‘జొన్న’లోని దంత్య జ):

ఒబసన్ (పిన్నో అత్తో), ఒబాసన్ (అమ్మమ్మ, నానమ్మ)
బిరు (భవనం), బీరు (బీరు)
యుకి (మంచు), యూకి (ధైర్యం)
కొకొ (ఇక్కడ), కోకో (హైస్కూలు)
తొరి (పక్షి), తోరి (వీధి)
చిౙు (పటం), చీౙు (చీజ్)

ఇవి మనకు తేలికే. చిక్కు మాట చివర్లో వస్తుంది. తెలుగు మాట సాధారణంగా హ్రస్వంతో ముగుస్తుంది కాబట్టి చివరి దీర్ఘాన్ని మనం కుదించేస్తాం. ‘కోహీ’ (కాఫీ) కాస్తా ‘కోహి’ అవుతుంది, ‘అరిగతో’ ‘అరిగతొ’ అవుతుంది. ఇంకోపక్క రోమన్‌లో చివర ‘ఏ’ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే ‘ఆ’ అని సాగదీస్తాం. ‘హోండా’, ‘టయోటా’ అలా వచ్చినవే. అసలు పేర్లు ‘హొంద’, ‘తొయొత’. రెండూ మూడేసి మాత్రలు. ‘తోశిబా’కు దీర్ఘం ఒక్కటే, మొదట్లో: ‘తోశిబ’. శ్రీసిటీలో 2016లో ఫ్యాక్టరీ తెరిచిన వాహన సంస్థ పేరు ‘ఇసుౙు’, దీర్ఘమే లేదు.

ఇక అచ్చుల గుణం. జపనీస్ అ, మన అ కన్నా కొంచెం తెరుచుకుంటుంది. నోరు ‘ఆ’కు తెరిచి ‘అ’ అంతసేపే పలకండి. ఉ పలికేటప్పుడు మనం పెదవులు గుండ్రంగా ముందుకు చాపుతాం. అక్కడ పెదవులు చాపరు, దాదాపు ఉన్నచోటనే ఉంచుతారు. అద్దంలో చూసుకుంటూ ‘సు’, ‘ౘు’ అనండి. మూతి ముందుకొస్తే తగ్గించండి.

ఎ విషయంలో చాలామంది గమనించని అలవాటు ఒకటుంది. మనం ‘మేలు’లో పలికే ఏ వేరు, ‘మేడ’లో పలికే ఏ వేరు. తర్వాత అ, ఆ వస్తే ఏ బాగా తెరుచుకుంటుంది. ఆ అలవాటుతో ‘తెర’ (బౌద్ధాలయం) అనే జపనీస్ మాటను నాటకం తెరలా విప్పార్చి పలుకుతాం. జపనీస్ ఎ పక్కన ఏమున్నా ‘మేలు’లోలాగే బిగువుగా ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు యడాగమం. ‘ఎవరు’ను ‘యెవరు’ అని, ‘ఒకటి’ని ‘వొకటి’ అని పలకడం మనకు సహజం. జపనీస్‌లో అది వెంటనే చెవికి తగులుతుంది. స్టేషన్ ‘ఎకి’, ‘యెకి’ కాదు. టీ ‘ఒచ’, ‘వొచ’ కాదు. వాళ్ల డబ్బును మనం ‘యెన్’ అంటాం, వాళ్లు ‘ఎన్’ అనే అంటారు. మాట మధ్యలోనూ అంతే. ఇల్లు ‘ఇఎ’, ‘కాదు’ అనడానికి ‘ఈఎ’, నీలం ‘అఒఇ’. రెండచ్చుల మధ్య య, వ జొరబడకుండా గొంతు ఆపకుండా ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి జారండి. మొదట్లో ‘అ–ఒ–ఇ’ అని విడివిడిగా మెట్రొనోమ్ మీద పలికి తర్వాత కలపండి.

మాట మధ్యలో ఉన్న అచ్చును మింగేయడం కూడా మన అలవాటే, ‘పలికినట్టు’ను ‘పల్కినట్టు’ అన్నట్టు. ‘నగసకి’ని ‘నగ్సకి’ చేయకండి. జపనీస్‌లో మింగే అచ్చులు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాం.

4. ద్విత్వం

కితె (రా), కిత్తె (తపాలా బిళ్ల), కీతె (విను). ఒతొ (చప్పుడు), ఒత్తొ (భర్త). సక (వాలు), సక్క (రచయిత). మన అక్క, అత్త, చెప్పు పలికినట్టే పలికితే చాలు. ద్విత్వం రాయడానికి వాళ్లు చిన్న ‘ౘు’ అక్షరం వాడతారు. దాన్ని ‘ౘు’ అని చదవొద్దు.

మనం ఇక్కడ తప్పేది ద్విత్వం లేనిచోట పెట్టి. ఇంగ్లీషు మాటల్ని తెచ్చుకునేటప్పుడు మనం బస్సు, పెన్ను అని ఒత్తుతాం. జపనీస్‌లోకి వెళ్లిన అవే మాటలు ‘బసు’, ‘పెన్’. కొన్నింటికి వాళ్లూ ఒత్తు పెడతారు, ‘బెద్దొ’ (మంచం) లాగా. ఊహించకండి, ఒక్కో మాటా చూసి నేర్చుకోండి.

5. సున్న

జపనీస్‌లో మాట హల్లుతో ముగిసేది ఒక్క ‘న్’ ద్వారానే. అది మన సున్నలాగే పక్కనున్న అక్షరాన్ని బట్టి మారుతుంది. ప, బ, మల ముందు మ్ (సంపొ, నడక), త, దల ముందు న్, క, గల ముందు ఙ్. అంబ, అంత, అంక అన్నంత సులువు.

మాట చివర జాగ్రత్త. ‘పుస్తకం’లో సున్న మ్ అవుతుంది, పెదవులు మూసుకుంటాయి. ‘నిహొన్’ (జపాన్) చివర పెదవులు మూయకూడదు, నాలుక కొన పళ్లకు ఆనించాల్సిన పనీ లేదు. నోరు కొద్దిగా తెరిచే ఉంచి ముక్కులోంచి ఒక మాత్ర వదలండి. అందుకే రాసుకునేటప్పుడు ‘నిహొం’ అని కాక ‘నిహొన్’ అని రాసుకోమనేది.

తర్వాత అచ్చు గానీ య గానీ వస్తే న్ దానితో అతుక్కోకూడదు. సంధి చేయడం మనకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి ఇక్కడ ఎక్కువ తప్పుతాం. ‘కిన్–ఎన్’ అంటే పొగతాగరాదు, ‘కినెన్’ అంటే స్మారకం. వెయ్యి యెన్‌లు ‘సెన్–ఎన్’, ‘సెనెన్’ కాదు. ‘కొన్–యకు’ పెళ్లి నిశ్చయం, ‘కొన్–న్యకు’ ఒక దుంపతో చేసే వంటకం. కెన్–ఇచి, జున్–ఇచి లాంటి పేర్లను కెనిచి, జునిచి అని పిలిచేవాళ్లు ఒక మాత్ర మింగేస్తున్నారు. నాలుక పైకి ఆనించకుండా అచ్చును ముక్కుతో పలికి తర్వాతి అచ్చులోకి వెళ్తే అదే విడిపోతుంది. స, శ, హ, వల ముందు కూడా నాలుక ఆనించకండి. ‘సెన్సే’లో ఆనిస్తే ‘సెంత్సే’ అని ఒక త పుట్టుకొస్తుంది.

6. హల్లులు

ట, డ, ణ, ళ జపనీస్‌లో లేవు. ఎక్కడైనా త, దలే. ఖ, ఘ, థ, ధ లాంటి మహాప్రాణాలూ లేవు.

చ, జల దగ్గర మనకున్న సంపద చాలా చక్కగా పనికొస్తుంది. పాత పుస్తకాల్లో చ, జల మీద రెండంకె లాంటి గుర్తు పెట్టి దంత్యాన్ని చూపేవారు. ఆ భేదం ఇక్కడ అక్షరాలా అవసరం. ‘చరిత్ర’లోని చ జపనీస్ చ. ‘చుక్క’లోని ౘు జపనీస్ ౘు. ‘జలం’లోని జ వాళ్ల జ. ‘జొన్న’, ‘జుట్టు’లలోని ౙొ, ౙు వాళ్ల ౙొ, ౙు. ‘చిన్న’లో చి, ‘జిల్లేడు’లో జి అలాగే ఉంటాయి. ‘ఒచ’ (టీ)లో ఉన్నది చరిత్రలోని చ. దాన్ని ‘చాలు’లోలాగా ‘ఒౘ’ అనకండి. మీ ఇంట్లో ఈ తేడా ఇప్పటికే చెరిగిపోయి ఉంటే ‘చుక్క’ మొదట్లో నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి త్, స్ కలిపి ఒకే దెబ్బగా వదలండి. రెండు ముక్కలుగా ‘తుసు’ అనకూడదు. ‘మిత్సుబిషి’ని ‘మిౘుబిశి’ అని పది సార్లు అనండి, పట్టు దొరుకుతుంది. ౙ రెండచ్చుల మధ్య కాస్త మెత్తబడి ఇంగ్లీషు ‘జూ’లోని ధ్వనికి దగ్గరవుతుంది, ‘సుౙుకి’లోలాగా.

మనం పత్రికల్లో ‘షి’ అని రాసే చోటల్లా ‘శి’ పలకాలి. ష కోసం నాలుకను వెనక్కి మడుస్తాం. శకు నాలుక కొన కింది పళ్ల వెనక ఉంటుంది, నడుం పైకి లేస్తుంది. ‘సుశి’, ‘హిరొశిమ’.

ర ఒక్కసారి తగిలి వదిలేసే ర. ‘మర’ అన్నప్పటి ర. మాట మొదట్లో మనం కాస్త దొర్లిస్తాం, అది వద్దు. లకారంలా ఆనించి ఉంచడమూ వద్దు. ‘ర్యొకన్’ (సత్రం) అనేటప్పుడు ‘రియొకన్’ కాకుండా ఒకే దెబ్బలో రావాలి.

‘ఫుజి’లోని ఫు ఇంగ్లీషు ఎఫ్ కాదు. పై పళ్లు కింది పెదవికి తగలకూడదు. వేడిపాలు చల్లార్చడానికి ఊదినట్టు పెదవుల మధ్య సన్నగా గాలి వదలాలి. ‘హి’ పలికేటప్పుడు నాలుక నడుం శికి లేచినంత లేచి గాలి అక్కడ రాసుకోవాలి.

7. గుసగుసగా మారే ఇ, ఉ

క, స, శ, త, చ, ౘ, హ, ఫ, ప అనే శ్వాస హల్లుల మధ్య ఇరుక్కున్న ఇ, ఉ గొంతు పోగొట్టుకుంటాయి. వాటి తర్వాత మాట చివర వచ్చినా అంతే. ‘దెసు’ వినడానికి ‘దెస్’లా ఉంటుంది, ‘మసు’ ‘మస్’లా. ‘సుకి’ (ఇష్టం), ‘కుసురి’ (మందు), ‘హితొ’ (మనిషి), ‘గకుసే’ (విద్యార్థి) మాటల్లో మొదటి మూడింట్లో తొలి అచ్చు, నాలుగోదాంట్లో ‘కు’లోని అచ్చు గుసగుస. అ, ఎ, ఒలకు మామూలుగా ఇది జరగదు. ‘సుౙుకి’లో మొదటి ఉ నిలుస్తుంది, ఎందుకంటే పక్కనున్న ౙు నాదం ఉన్న హల్లు.

మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష మనది. అందుకే ‘దెసు’ను నిండుగా ‘దెసూ’ అనే వైపు జారుతాం. అలాగని అచ్చును పూర్తిగా కోసేసి ‘స్కి’ అంటే మాత్ర పోతుంది. గొంతు మీద వేళ్లు ఆనించి ‘సుకి’ అనండి. ‘సు’ దగ్గర గొంతు అదరకూడదు, కానీ ఒక దెబ్బకు సరిపడా స్ గాలి వినిపించాలి. ‘కి’ దగ్గర అదరాలి. పడమటి జపాన్‌లో ఈ గుసగుస తక్కువ, తోక్యో వైపు ఎక్కువ.

8. శ్రుతి

ఇది మనకు నిజంగా కొత్త. ఇంగ్లీషులో అక్షరాన్ని నొక్కుతారు, జపనీస్‌లో శ్రుతి దించుతారు. తోక్యో పద్ధతిలో మొదటి మాత్ర, రెండో మాత్ర ఒకే ఎత్తులో ఉండవు. ఒకసారి కిందికి దిగిన శ్రుతి ఆ మాటలో మళ్లీ లేవదు. కాబట్టి ప్రతి మాటకూ తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఎక్కడ దిగుతుంది?

‘హశి’కి మూడర్థాలు. మొదటి మాత్ర పైన, రెండోది కింద అయితే తినే పుల్లలు. కింద, పైన, ఆపై వచ్చే ‘గ’ అనే ప్రత్యయం దగ్గర దిగితే వంతెన. కింద, పైన, ప్రత్యయం కూడా పైనే ఉంటే అంచు. వంతెనకూ అంచుకూ తేడా ప్రత్యయం చేరితేనే తెలుస్తుంది, అందుకే కొత్త నామవాచకాన్ని ఎప్పుడూ ‘గ’ చేర్చి బట్టీ పట్టండి. ‘అమె’ పైన–కింద అయితే వాన, కింద–పైన అయితే మిఠాయి. ‘కకి’ పైన–కింద అయితే సముద్రపు ఆల్చిప్ప, కింద–పైన అయితే ఒక పండు.

నిఘంటువుల్లో దీన్ని అంకెతో చూపిస్తారు. 1 అంటే మొదటి మాత్ర తర్వాత దిగుతుంది, 2 అంటే రెండోదాని తర్వాత, 0 అంటే దిగదు. పుల్లలకు 1, వంతెనకు 2, అంచుకు 0. ఓజాడ్ అనే ఉచిత ఆన్‌లైన్ శ్రుతి నిఘంటువులో వాక్యం పెడితే గీత గీసి చూపిస్తుంది. పలకడానికి ముందు మాటను పెదవులు మూసుకుని ‘మ్‌మ్’ అని కూనిరాగంగా తీయండి. రాగం కుదిరాక అక్షరాలు చేర్చండి. పైనున్న మాత్రను సాగదీయొద్దు, గట్టిగానూ అనొద్దు. ఎత్తు మాత్రమే మారాలి.

ఓసక, క్యోతొల వైపు శ్రుతి వేరు. అక్కడ వంతెన పైన–కింద. కాబట్టి మొదటి ఏడాది ఒకే ప్రాంతం పద్ధతి పట్టుకోండి.

9. రోజుకు ఇరవై నిమిషాలు

జపనీస్ ఎంత వచ్చో కొలిచే జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగం లేదు. అందువల్ల పెద్ద మెట్లు దాటినవాళ్లు కూడా నోటి సాధన వాయిదా వేస్తుంటారు. అలవాటైన తప్పు తర్వాత వదిలించుకోవడం కష్టం, కాబట్టి మొదటి వారం నుంచే చేయండి.

ఐదు నిమిషాలు జంటపదాలు మెట్రొనోమ్ మీద. ఐదు నిమిషాలు కొత్త పది మాటలు, శ్రుతి అంకెతో, ‘గ’ చేర్చి. మిగతా పది నిమిషాలు స్థానికులు మాట్లాడిన ఇరవై సెకన్ల ముక్క ఒక్కటి తీసుకుని అరక్షణం వెనకగా నీడలా అనుకరించండి. రోజుకో కొత్త ముక్క తీసుకోకండి, ఒకే ముక్కను వారమంతా చేయండి. వారం చివర మీ గొంతు రికార్డు చేసి అసలుదాని పక్కన పెట్టి నాలుగు సార్లు వినండి. మొదటిసారి దీర్ఘాలు మాత్రమే, రెండోసారి న్‌లు, మూడోసారి యడాగమాలు, నాలుగోసారి శ్రుతి. అన్నీ ఒకేసారి వినాలని చూస్తే చెవి ఏదీ పట్టుకోదు. తప్పు దొరికిన మాటను తెలుగు లిపిలో రాసి, తప్పిన మాత్ర కింద గీత గీసి, మరుసటి వారం మొదటి రోజు ఆ జాబితాతోనే మొదలుపెట్టండి.